మిరప కోతకు పోయిన జీవిత

జీవితను జుట్టు పట్టుకుని లాడ్జీ మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చారు, పట్టపగలే. కల్లూరులో, బైపాసు పక్కన, టీ బంకుల ముందర, షేర్ ఆటోల్లో జనం కూర్చుని చూస్తుండగానే. ఆ ఆటోల్లో ఒకటి నాది. లాడ్జీ యజమాని రాజశేఖర్ మనుషులు ఇద్దరు మంచం కోడుతో ఆమె తల మీద కొట్టారు. ఊరికి పోతానన్నది, అదీ ఆమె చేసిన నేరం.

నేనూ ఇంకో ఇద్దరు డ్రైవర్లూ దిగి పరిగెత్తాం. చేరేలోపే రెండో దెబ్బ పడింది. లాడ్జీ ఆడవాళ్లలో పెద్దది నాగలక్ష్మమ్మ, బద్వేలు మనిషి, వచ్చి ఆ తలను ఒళ్లో పెట్టుకుంది. నా ఆటోలోనే ఆసుపత్రికి బయలుదేరాం. సగం దారిలో ప్రాణం పోయింది. ఆసుపత్రి గేటు దగ్గర రాజశేఖర్ కారు మాకంటే ముందే నిలబడి ఉంది. శవాన్ని లాక్కున్నారు. అడ్డం పోయిన నాకు రెండు పళ్లు రాలాయి.

ఈ రాజశేఖర్ ఎవరో చెప్పాలి. వానలు ఎగ్గొట్టిన ఏడు మా పడమటి పల్లెల కూలీలు గుంటూరు వైపు మిరప కోతకు వలస పోతారు. సుగ్గి అంటారు దాన్ని. ఆ కూలీలను లారీలకెత్తే మేస్త్రీ ఇతనే. ఆ లారీల్లోంచి మొగుడు పోయినదాన్నీ, దిక్కులేనిదాన్నీ ఏరి కల్లూరులో దించేదీ ఇతనే. కొందరి రెక్కలు అమ్మాడు, కొందరి ఒళ్లు అమ్మాడు, మేడ కట్టాడు. అతనిది వ్యాపారమట. ఈ ఆడవాళ్లు మాత్రం చెడిపోయినవాళ్లట. థూ!

లాడ్జీ ఆడవాళ్లకు ఒక అలవాటుంది. ఇంటికి పోయేముందు మార్కెట్లో ఎండుమిరపకాయలు కొని మూట కట్టుకుంటారు. సుగ్గి నుంచి వచ్చే కూలీలు అట్లాగే తెచ్చుకుంటారు కదా. ఊరు నమ్ముతుంది, ఇంట్లో కారం దంచుకుంటారు, పరువు నిలుస్తుంది. ఆ అబద్ధమే ఇప్పుడు రాజశేఖర్‌కు అక్కరకొచ్చింది. మిరపచేలో పాము కరిచి చచ్చిపోయిందని చెప్పి శవాన్ని జీవిత ఊరికి చేర్చాడు. కేసు లేదు, పోస్టుమార్టం లేదు. పూడ్చేస్తే అంతా మట్టిలో కలిసిపోతుంది.

మర్నాడు పొద్దున ఈ సంగతి తెలిసి లాడ్జీ వెనక గదిలో ఆడవాళ్లు వాదులాడుకున్నారు. పోయి నిజం చెబితే తమ ఊళ్లకూ తెలిసిపోతుందని, పిల్లల ముఖం ఎట్లా చూడాలని ఒకామె ఏడ్చింది. నాగలక్ష్మమ్మ ఆమెను కసరలేదు.

"మనం చెప్పిన అబద్ధమే కప్పి దాన్ని పూడుస్తాండాడు. రేపు మననూ అట్లే పూడుస్తాడు" అంది.

ఏడ్చిన మనిషే ముందు లేచింది. మా ఆటోలు మూడు కదిలాయి.

మేం పోయేసరికి చర్చి వెనక సమాధుల తోటలో గుంత తవ్వి ఉంది. పెట్టె మీద మూత పడలేదింకా. పాస్టరు ప్రార్థన చేస్తున్నాడు. తెల్ల చొక్కా వేసుకుని రాజశేఖర్ తల వంచుకుని నిలబడ్డాడు. ఏం భక్తి, ఏం భక్తి! నాగలక్ష్మమ్మ జనాన్ని తోసుకుంటూ పోయి పెట్టె పక్కన నిలబడింది.

"పాము కరవలే. ఈడ నిలబడినోడే కొట్టించి చంపినాడు. జీవిత గానీ మేం గానీ మిరప కోతకు పోలేదు. ఈయప్ప లాడ్జీలో ఒళ్లు అమ్ముకుంటాండాం."

రాజశేఖర్ నవ్వి, తాగిన ముండల మాటకు శవాన్ని ఆపుతారా అని అడిగాడు. ఊరి కూలీలకు పెద్ద ఈరప్ప అతని వైపే మాట్లాడాడు. చచ్చినదాని పరువు తీయొద్దన్నాడు. వచ్చే సుగ్గికి లారీ రాకపోతే ఊరు ఏం తినాలన్నాడు. అసలు భయం అదీ.

అప్పుడు జీవిత తల్లి విశ్వాసమ్మ లేచింది. పెట్టెలోంచి కూతురి చేతిని పైకెత్తింది.

"ఈరప్పా, నీ చేతులు చూసుకో. మిరప కోస్తే తోలు లేస్తాది. నా బిడ్డ చేతికి యాడన్నా మంట ఉండాదా? కడిగేటప్పుడే చూసినా. తల పగిలిందీ చూసినా. పరువని నోరు మూసుకున్నా. ఇంక మూసుకోను."

కూలీ ఆడవాళ్లు తమ అరచేతులు చూసుకున్నారు. తర్వాత రాజశేఖర్ వైపు చూశారు. అతను కారు వైపు సైగ చేశాడు. వేటకొడవళ్లు దిగాయి. మొదటి వేటు నాగలక్ష్మమ్మ భుజాన పడింది. గుంత తవ్విన గడ్డపార ఎవరు అందుకున్నారో నాకు తెలియదు, తెలిసినా చెప్పను. పారలు లేచాయి, రాళ్లు లేచాయి. కొడవలి పట్టినవాడి ముంజేయి విరిగిన చప్పుడు విన్నాను. రాజశేఖర్ దవడ పగిలి, జీవితకు తవ్విన గుంతలోనే పడ్డాడు. ఆడవాళ్లు దోసిళ్లతో మట్టి పోశారు. పాస్టరు అడ్డం పడకపోతే పూడ్చేసేవాళ్లే. అడ్డం పడకుండా ఉంటే బాగుండుననిపించింది, దాచను.

హత్య కేసు కట్టాలని, పోస్టుమార్టం చేయాలని పెట్టెను రోడ్డు మీద పెట్టి కూర్చున్నాం. చంపినప్పుడు రాని పోలీసులు ఇప్పుడు జీపులతో వచ్చారు. అడగడాలు లేవు, లాఠీలే. విశ్వాసమ్మ నొసలు చిట్లింది. రాజశేఖర్‌ను మాత్రం పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తి జీపులో పడుకోబెట్టారు.

ఊరివాళ్లు మర్యాదస్తులని, ఇళ్లకు పోవచ్చని ఎస్సై చెప్పాడు. లాడ్జీ ఆడవాళ్లు మాత్రం వేరుగా వ్యాను పక్కన నిలబడాలన్నాడు. నెత్తురు కారే భుజాన్ని పట్టుకుని నాగలక్ష్మమ్మ నడిచింది. ఆమె వెనక మిగతావాళ్లు నడిచారు.

వాళ్ల వెనకే విశ్వాసమ్మ పోయింది. నువ్వు కాదమ్మా అని ఎస్సై లాఠీ అడ్డం పెట్టాడు.

"నా బిడ్డ ఈ పక్కదే సారూ. నేనూ ఈ పక్కనే నిలబడతా" అంది.

ఈరప్ప పెళ్లాం మొగుణ్ణి అడగలేదు, పోయి ఆమె పక్కన నిలబడింది. తర్వాత కూలీ ఆడవాళ్లంతా పోయారు. చివరికి తల వంచుకుని ఈరప్ప కూడా పోయాడు. మర్యాదస్తుల వైపు ఎవరూ మిగల్లేదు.

అంతమంది పట్టక వ్యాను తలుపు పడలేదు. ఇంకో వ్యాను కోసం ఎస్సై ఫోన్లు చేస్తున్నాడు. పెట్టె రోడ్డు మీదే ఉంది. పక్క పల్లెల నుంచి కూలీలు నడిచి వస్తున్నారు.