నేలకు బిగించిన కడియం

రాఘవులు పాతికేళ్లుగా సీట్లు చేస్తున్నాడు. అమెరికాలో, డెట్రాయిట్‌కు దగ్గర్లోని నోవై అనే ఊళ్లో ఆయన పనిచేసే కంపెనీ కార్ల కంపెనీలకు సీట్లు తయారుచేసి ఇస్తుంది. కారు గుద్దుకుంటే మెడ ఎటు విరుగుతుంది, ఆరేళ్ల పిల్ల వెనక సీట్లో నిద్రపోతే బెల్టు గొంతుకు తగలకుండా ఎంత ఎత్తులో ఉండాలి, ఇవన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ఎవరి కారెక్కినా ముందు సీటు కిందికి చెయ్యి పోనిచ్చి పట్టాలు తడిమి చూస్తాడు. భార్య కృష్ణకుమారి అది చూసి నవ్వేది.

దేశంలో అత్యవసర పరిస్థితి పెట్టి, ఎన్నికలు వాయిదా పడ్డాయని ప్రకటించిన రోజు కూడా ఆయన ఆఫీసుకు వెళ్లాడు. అందరూ వెళ్లారు. ఆ రోజు మంచు విపరీతంగా కురిసింది, భోజనాల దగ్గర అందరూ రోడ్ల గురించే మాట్లాడుకున్నారు. తర్వాత పత్రికలు ఒక్కొక్కటే మూతబడ్డాయి. ఇద్దరు జడ్జీలు కనిపించకుండా పోయారు. కాగితాలు లేనివాళ్లను, ఆ తర్వాత కాగితాలున్నవాళ్లను కూడా ఇళ్లలోంచి తీసుకుపోయారు. మనం పద్ధతిగా వచ్చి సిటిజన్లమైనవాళ్లం, మన జోలికెందుకొస్తారు అని తెలుగువాళ్లు అనుకున్నారు. రాఘవులు కూడా అదే అనుకున్నాడు. ఆ ఏడు ఉగాది సభకు కొత్త భద్రతా శాఖ అధికారిని ముఖ్య అతిథిగా పిలిచి, తెలుగు సంఘం పెద్ద హనుమయ్య శాలువా కప్పాడు. ముందు వరసలో కూర్చున్న రాఘవులు చప్పట్లు కొట్టాడు.

ఏప్రిల్‌లో ఆ శాఖ నుంచే కంపెనీకి ఆర్డరు వచ్చింది. ఎనిమిది వందల బస్సులకు సీట్లు. మెత్త అక్కర్లేదు, ఉత్త ఉక్కు రేకు చాలు. ప్రతి సీటు ముందూ నేలకు బిగించిన ఇనుప కడియం ఒకటి ఉండాలి. కూర్చున్నవాడి కాళ్ల సంకెళ్లు దానికి తగిలిస్తారు.

డ్రాయింగు మీద ఇద్దరి సంతకాలు కావాలి, రాఘవులుదీ, ఆయన కింద పనిచేసే రేష్మదీ. రేష్మది వరంగల్, హెచ్‌వన్ వీసా మీద ఉంది. ఆమె డ్రాయింగు తెచ్చి ఆయన బల్ల మీద పరిచింది.

“చిన్నపిల్లల సీట్ బకిల్ రెండు సెకన్లల్ల ఊడాలని మనమే టెస్ట్ చేస్తం గద సార్. ఇది అసలు ఊడదు. బస్ తగలబడితే?”

“అది మన స్కోప్ కాదమ్మా. కస్టమర్ అడిగింది ఇస్తాం.”

“మీరు సైన్ చేస్తరా?”

రాఘవులు కళ్లజోడు తుడుచుకున్నాడు. రేష్మ పెన్ను తీసింది.

“నేను చెయ్యలేను సార్. జాబ్ పోతే ఏమైతదో తెలుసు నాకు,” అంది.

అభ్యంతరం రాసిపెట్టి వెళ్లిపోయింది. వారంలో ఉద్యోగం పోయింది. ఇదివరకు దేశం విడిచి వెళ్లడానికి అరవై రోజులు ఇచ్చేవాళ్లు, కొత్త రూలు ప్రకారం పది రోజులే. కృష్ణకుమారి పులిహోర కట్టిచ్చి ఆ పిల్లను ఎయిర్‌పోర్టులో దిగబెట్టి వచ్చింది. రాఘవులు మీటింగుందని వెళ్లలేదు.

ఆయన సంతకం పెట్టాడు. నేను కాకపోతే ఇంకొకడు పెడతాడు, నేనైతే కాస్త మంచిగా చేస్తాను అని మనసుకు చెప్పుకున్నాడు. నిజంగానే ఒక మంచి చేశాడు కూడా. కాలి చర్మం కోసుకోకుండా కడియం అంచులు గుండ్రంగా అరగదీయించాడు. దానికి ఖర్చు పెరుగుతుందని మేనేజరు గొణిగితే గట్టిగా వాదించి ఒప్పించాడు. ఆ వాదన గెలిచినందుకు రెండు రోజులు లోలోపల గర్వపడ్డాడు.

ఎండాకాలం పోయేసరికి కెనడాతో తగువు ముదిరింది. రెండు దేశాల మధ్య ఉన్న సరస్సుల నీళ్లన్నీ మనవేనని రేడియోలు పొద్దస్తమానం అరిచాయి. డెట్రాయిట్ నది మీద కెనడాకు వెళ్లే వంతెన మూసేశారు. ఇవతలి ఒడ్డున ఫిరంగులు దించారు. పద్దెనిమిది నిండిన పిల్లలంతా సైన్యానికి పేరివ్వాలని చట్టం వచ్చింది. కంపెనీలో కారు సీట్లు ఆపేసి యుద్ధ వాహనాల సీట్లు మొదలుపెట్టారు.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు స్మృతి ఆన్ ఆర్బర్‌లో కాలేజీ మూడో ఏడు చదువుతోంది. ఫోన్ చేసినప్పుడల్లా తండ్రితో గొడవే. “డాడ్, వాళ్లు వార్ స్టార్ట్ చేస్తున్నారు. మీరు ఏం చెయ్యట్లేదు, ఎవరూ ఏం చెయ్యట్లేదు,” అనేది. నీ చదువు నువ్వు చూసుకో తల్లీ అనేవాడు. అక్టోబరులో ఒక మధ్యాహ్నం సైన్యంలో చేరం అని స్మృతితో సహా రెండు వందల మంది విద్యార్థులు కాలేజీ మెట్ల మీద బైఠాయించారు. సాయంత్రానికి మెట్లు ఖాళీ అయ్యాయి. స్మృతి ఫోన్ మోగడం మానేసింది. ఇక్కడే పుట్టిన పిల్ల కదా అని లాయరును అడిగితే, ఇప్పుడు దానికి అర్థమేమీ లేదన్నాడు.

మొగుడూ పెళ్లాలిద్దరూ హనుమయ్య ఇంటికి పరుగెత్తారు. ఉగాది సభకొచ్చిన ఆ అధికారికి ఒక్క మాట చెప్పమని కృష్ణకుమారి ఆయన చేతులు పట్టుకుంది. హనుమయ్య సగం తెరిచిన తలుపును పూర్తిగా తియ్యలేదు. నెల కిందట తన కొడుకును కూడా సైన్యానికి పట్టుకెళ్లారనీ, ఆ అధికారి ఇప్పుడు ఫోనే ఎత్తడనీ చెప్పాడు. “మీరు ఇక్కడికొచ్చినట్టు ఎవరికీ తెలియనివ్వకండి,” అని తలుపేసుకున్నాడు.

పదకొండో రోజు, ఆదివారం మధ్యాహ్నం, తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. స్మృతి గొంతు బొంగురుపోయి ఉంది. మూడు నిమిషాలే ఇచ్చారంది.

“నేను ఓకే డాడ్. ఏ స్టేట్‌లో ఉన్నానో తెలీదు. బస్‌లో నైన్ అవర్స్ కూర్చోపెట్టారు. కాళ్లు ఫ్లోర్‌కి లాక్ చేశారు. ఒక అమ్మాయికి ఫిట్స్ వచ్చింది. మేము అరిచాం, అరిచాం. గార్డ్స్ దగ్గర కీ లేదు. కీ వేరే కార్‌లో ఉందంట. ఆ అమ్మాయి...” అని ఆగిపోయింది.

మూడు నిమిషాలు అయిపోతున్నాయని రాఘవులుకు తెలుసు. ఏదో ఒకటి అడగాలి. ఆయన నోట్లోంచి వచ్చింది ఇది:

“నీ కాళ్లు కోసుకోలేదు కదా తల్లీ? అంచులు... అంచులు బాగానే ఉన్నాయా?”

“ఏంటి? ఏ అంచులు?”

కృష్ణకుమారి ఫోన్ లాక్కుంది. అన్నం తింటున్నావా అనేలోపు లైను తెగిపోయింది. ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి భర్త వైపు తిరిగింది.

“ఏం అంచులు?”

రాఘవులు చెప్పాడు. ఆర్డరు వచ్చిన రోజు నుంచి, రేష్మ అడిగిన ప్రశ్నతో సహా, ఒక్కటీ దాచకుండా చెప్పాడు. ఆమె తన దిండు తీసుకుని కూతురి గదిలోకి వెళ్లింది.

మర్నాడు ఆయన రాజీనామా పట్టుకెళ్లాడు. మేనేజరు దాన్ని తెరిచి కూడా చూడకుండా ఇంకో కాగితం ముందుకు తోశాడు. కంపెనీ ఇప్పుడు సైన్యం కిందికి వచ్చింది, పని మానితే యుద్ధం నుంచి పారిపోయినట్టే లెక్క అని అందులో ఉంది. కింద రాఘవులు పేరు, దాని పక్కన స్మృతి పేరు, ఆమె ఖైదీ నంబరు. “వాళ్లకు అన్నీ తెలుసు. వెళ్లి కూర్చో, దయచేసి,” అన్నాడు మేనేజరు.

ఆ గురువారం యుద్ధం మొదలైంది. నది దగ్గర ఫిరంగులు పేలుతుంటే నోవైలో కిటికీ అద్దాలు అదిరాయి. బస్సులకు రెండో ఆర్డరు వచ్చింది, ఈసారి మూడు వేలు. రాఘవులు డ్రాయింగులో ఒక చిన్న మార్పు చేశాడు. అన్ని కడియాలూ ఒకేసారి ఊడేలా డ్రైవరు దగ్గర లాగే లీవర్ ఒకటి గీశాడు. రేష్మ రాసిన అభ్యంతరం జతచేద్దామని వెతికితే ఫైల్లో అది లేదు. మధ్యాహ్నానికి డ్రాయింగు తిరిగొచ్చింది. లీవర్ మీద ఎర్రగీత. యూనిఫాంలో ఉన్న కుర్రవాడొకడు దాన్ని ఆయన ముందు పెట్టి పక్కనే నిలబడ్డాడు.

సాయంత్రం ఆయన ఇంటికి వచ్చేసరికి కృష్ణకుమారి వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. పొద్దున్నంతా డెట్రాయిట్‌లో, స్మృతి ఫొటో పట్టుకుని, మిగతా తల్లులతో భద్రతా శాఖ ఆఫీసు ముందు క్యూలో నిలబడి వచ్చింది. ఆయన లీవర్ సంగతి, ఎర్రగీత సంగతి చెప్పాడు. ఆమె తలెత్తలేదు.

“సంతకం పెట్టారా?”

“పెట్టాను.”

ఆమె ఇంకో కాయ తీసుకుంది. మర్నాడు పొద్దున్నే కోటు తొడుక్కుని మళ్లీ క్యూకి బయల్దేరింది. ఆయన కారు మీది మంచు గీకి, ఆఫీసుకు డ్రైవ్ చేశాడు. స్మృతి దగ్గర్నుంచి మళ్లీ ఫోన్ రాలేదు.