రెండో ముక్క

పలాసలోని ఆ జీడిపప్పు కార్ఖానాలో అరుణశ్రీ మేనేజరుగా చేరి ఎనిమిది నెలలైంది. గజపతినగరం రైతు కుటుంబంలో పుట్టిన పిల్ల, విజయనగరంలో ఎంబీఏ చదివింది. చేరిన వారంలోనే పొట్టు తీసే హాలు గోడకి ఒక బోర్డు పెట్టించింది. కత్తి విరిచినవాళ్ళకి పది రోజులు పని ఉండదని దాని మీద రాయించింది. అప్పటినుంచి రిజిస్టరులో ఒక్క కత్తి కూడా విరిగినట్టు లేదు. యజమాని ధనరాజ్ ఆ సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు. అరుణశ్రీకీ గర్వంగానే ఉండేది.

ఓ గురువారం ఉదయం గేటు దగ్గర లారీకి టిన్నులు ఎక్కిస్తున్నారు. చంటిపిల్లల బిస్కెట్లు చేసే విశాఖ కంపెనీకి అదే మొదటి లోడు. ఆ సమయంలో జగ్గమ్మ వచ్చి ఆఫీసు గుమ్మంలో నిలబడింది. ఇరవై ఏళ్ళుగా అక్కడ పొట్టు తీస్తున్న మనిషి. పని మధ్యలో లేచి రావడం ఎప్పుడూ లేదు.

"ఏటి జగ్గమ్మా?"

ఆమె కొంగుముడి విప్పి చిన్న కత్తి ఒకటి బల్లమీద పెట్టింది. దానికి మొన లేదు.

"నిన్న మజ్జానం విరిగిపోనాది. పళ్ళెమంతా ఎతికినాను, దొరకనేదు. ఇయ్యాల ఇంటికాడి కత్తి తెచ్చుకుని పని సేత్తన్నాను. ఈ పప్పు సంటిపిల్లల తిండికి ఎల్తాదని నా పక్కన కూసునే తులసి ఇప్పుడే సెప్పింది. ఇంక ఉండబట్టనేదమ్మా."

"నిన్ననే చెప్పొచ్చు కదా?"

"పది రోజులు కూసోబెట్టేత్తే ఎలాగ బతికేది?"

ఆ మాటలో కోపం లేదు. అడిగినదానికి జవాబు చెప్పిందంతే. అరుణశ్రీ ఇంకేమీ అడగకుండా బయటికి వెళ్ళి లారీ ఆపించింది. నిన్నటి పప్పు నలభై రెండు టిన్నుల్లో కలిసిపోయింది. మొన ఎందులో ఉందో ఎవరికీ తెలియదు.

సంగతి తెలిసి ధనరాజ్ పరుగున వచ్చాడు.

"ఆళ్ళకాడ ఇనప ముక్కల్ని పట్టీసే మిషను ఉంటాదమ్మా. అది సూసుకుంటాది. మనమెందుకు మొదటి లోడుకే నోరు ఇప్పడం?"

"అది పట్టకపోతే, సార్?"

అరుణశ్రీ ఫోన్ చేతిలోకి తీసుకుంది గాని, నంబరు నొక్కడానికి కొంతసేపు పట్టింది. ఈ ఆర్డరు కోసం మూడు నెలలు తిరిగింది తనే. చివరికి కంపెనీలో కొనుగోళ్ళు చూసే మోహనకృష్ణకి ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"మీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడాయన.

"పావుగంట అయింది."

"వెతకండి. దొరికాక రిపోర్టు పంపండి. సరుకు తీసుకుంటామని మాత్రం ఇప్పుడు చెప్పలేను."

హాల్లో బల్లలమీద తెల్లటి గుడ్డలు పరిచి టిన్నులు ఒక్కొక్కటే విప్పించారు. నలభైమంది ఆడవాళ్ళు పప్పును గింజ గింజా ఏరారు. జగ్గమ్మ ఓ మూల కూర్చుని తలెత్తకుండా వెతికింది. ఆమె వల్లే ఇంత పనీ పడిందని ఎవరూ పైకి అనలేదు. ఆమెతో మాట్లాడనూ లేదు. అరుణశ్రీ కూడా వాళ్ళ మధ్యే కూర్చుని ఏరింది.

రెండో రోజు పదకొండు గంటలకి తులసి చెయ్యెత్తింది. బియ్యపు గింజంత ఇనప ముక్క. జగ్గమ్మ విరిగిన కత్తికి ఆనించి చూస్తే సరిగ్గా సరిపోయింది. హాలంతా ఊపిరి పీల్చుకుంది. ఇంకా పదమూడు టిన్నులున్నాయి. వాటినీ చూసేద్దామంది అరుణశ్రీ.

ముప్పై ఎనిమిదో టిన్నులో ఇంకో మొన దొరికింది.

"ఇదెవరిది?" అంది అరుణశ్రీ.

కొందరు చేతుల్లోని పప్పు వైపు చూస్తున్నారు, కొందరు గోడమీది బోర్డు వైపు. ఎనిమిది నెలల రిజిస్టరు ఆమె కళ్ళముందు మెదిలింది. ఇన్నాళ్ళూ కత్తులు విరుగుతూనే ఉన్నాయి, తన చెవిన వెయ్యడమే మానేశారు. ఇదివరకు వెళ్ళిన సరుకులో ఇంకెన్ని ముక్కలు పోయాయో. ఆ బోర్డు మీది రాత ఎవరో ఆజ్ఞాపిస్తే పెట్టింది కాదు, తన బుర్రలో పుట్టిందే. బల్ల ఎక్కి తనే బోర్డు దించింది.

"ఇది నా తప్పు. ఎవరిదని ఇంక అడగను," అంది.

సాయంత్రం రిపోర్టు రాస్తుంటే ధనరాజ్ వెనకనుంచి చదివాడు.

"రెండో ముక్క సంగతి ఆళ్ళకేటి తెలుస్తాది? ఎందుకు రాస్తన్నావు?"

"నాకు తెలుసు కదా సార్. ఇంతకుముందు మన పప్పు కొన్నవాళ్ళకీ ఉత్తరాలు రాయాలి. వాళ్ళ దగ్గర మిగిలిన సరుకు చూసుకోమని."

ఆయన రిపోర్టు ఇంకోసారి మొదటినుంచీ చదివాడు. "రాసీ మరి," అని వెళ్ళిపోయాడు. వారం రోజులు ఆమెతో అవసరానికి మించి మాట్లాడలేదు.

బిస్కెట్ల కంపెనీ ఆ లోడు తీసుకోలేదు. పాత కొనుగోలుదారుల్లో ఒకరు మళ్ళీ రానే లేదు. నెల తరువాత మోహనకృష్ణ స్వయంగా వచ్చి హాలంతా తిరిగి చూశాడు. ముందు అడిగినదాంట్లో నాలుగో వంతుకి ఆర్డరిచ్చి, మిగతాది తరువాత చూద్దామన్నాడు.

ఇప్పుడు కత్తులకి అంకెలు వేశారు. పొద్దున లెక్కపెట్టి ఇస్తారు, సాయంత్రం లెక్కపెట్టి తీసుకుంటారు. విరిగితే చెయ్యెత్తాలి. ఆ పళ్ళెం పక్కన పెట్టి కొత్త కత్తి ఇస్తారు, పని ఆగదు. జగ్గమ్మే అందరికీ ఆ పద్ధతి నేర్పింది.

మొదలుపెట్టిన నాలుగో రోజు బుల్లమ్మ అనే ఆవిడ లేచి నిలబడి చెయ్యెత్తింది. హాల్లో చేతులన్నీ ఆగిపోయాయి. అరుణశ్రీ వెళ్ళి పళ్ళెం తీసి పక్కన పెట్టి, కొత్త కత్తి ఆమె చేతికిచ్చింది.

"వేలు తెగలేదు కదా?"

"నేదమ్మా."

"అయితే కూర్చో. పని చేసుకో."

బుల్లమ్మ కొత్త కత్తిని ఓసారి తిప్పి చూసుకుని కూర్చుంది. అటువైపు ఎవరో ఏదో అన్నారు, ఇంకెవరో నవ్వారు. హాల్లో మళ్ళీ మాటలు మొదలయ్యాయి.