కబుర్లు మోసే పిల్ల

చొక్కా కాలర్ మీద ఇస్త్రీపెట్టె ఆనించానో లేదో, మా ఏడేళ్ళ పాప గుమ్మంలో నిలబడి, "అమ్మా, నీలం చొక్కా కూడా చేస్తావా అని నాన్న అడిగారు" అంది. పక్కగదిలో ఆయన అన్న మాట నాకు వినపడనే వినపడింది: "మీ అమ్మకి బుర్రలో ఏమన్నా మిగిలుంటే ఆ నీలం చొక్కా కూడా చెయ్యమను."

ఆయన నాతో మాట్లాడటం మానేసి పంతొమ్మిది రోజులు. ఆసుపత్రిలో నన్ను ఎక్స్‌రే విభాగానికి పెద్దను చేసిన సాయంత్రం నుంచి మొదలైంది ఇది. కారణం చెప్పరు. నిలదీస్తే, "నేనేమన్నా చెయ్యి చేసుకున్నానా?" అంటారు. నిజమే. ఎముక విరిగితే ఎక్కడ విరిగిందో నలుగురికీ చూపించగలను, ఇది ఎలా చూపించను? మా అమ్మతో అంటే, "అరిచే మొగుడికన్నా అలిగే మొగుడు నయం కదే" అని తేల్చేసింది. నేను మనస్తత్వం గురించిన పుస్తకాలు తెచ్చుకుని చదివాను. ఆయన చిన్నతనాన్ని ఊహించుకుని జాలిపడ్డాను. గిన్నెలు తోమడం, బట్టలు మడతపెట్టడం, ఆయన్ని అర్థం చేసుకోవడం. ఇంటి పనుల్లో అదీ ఒకటైపోయింది. ఒక్క పాపని చూసినప్పుడే గర్వంగా ఉండేది. చేపలో ముళ్ళు ఏరినట్టు, ఆయన మాటలో ముళ్ళన్నీ ఏరేసి నాకందించేది.

ఆయన స్నానానికి వెళ్ళాక పాప మళ్ళీ వచ్చింది. "అమ్మా, నాన్న నీకు సారీ చెప్పమన్నారు."

లోపల నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కల్పించింది. "ఎంత తెలివే నీకు!" అని బుగ్గ నిమిరాను.

కిటికీ దగ్గర సూదిలో దారం ఎక్కిస్తున్న మా అత్తయ్య తలెత్తారు.

"మెచ్చుకోకమ్మా. మీ ఆయనా అచ్చం ఇలాగే చెప్పేవాడు."

ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆవిడ వైపు తిరిగాను.

"మీ మామగారు నెలల తరబడి నాతో పలికేవారు కాదు. కబుర్లన్నీ వీడే మోసేవాడు. తీపి చేసి మరీ చెప్పేవాడు, నాకూ ముద్దొచ్చేది. ఓరోజు 'అమ్మా, నాన్న నిన్ను మంచిదన్నారు' అన్నాడు. నమ్మేసి, ఆయన ఎదురుగా వెళ్ళి నవ్వాను. 'ఏమిటా ఇకిలింపు?' అన్నారు. తిరిగొచ్చి వీణ్ణి కొట్టాను. ఆయన్ని కొట్టలేక, ఎనిమిదేళ్ళవాణ్ణి. ఆ తర్వాత వాడు మళ్ళీ తీపి చెయ్యలేదు."

"అందుకేనా అత్తయ్యా, ఆయన..." అన్నాను, అలవాటైన జాలితో.

"అదిగో, మొదలుపెట్టకు. వాడు ఎందుకిలా అయ్యాడో నాకు తెలుసు, అందులో నా చెయ్యీ ఉంది. కానీ ఇప్పుడు వాడికి నలభై ఏళ్ళు. పెద్దాడు. నాకు నోరు పెగలడానికి డెబ్భై ఏళ్ళు పట్టింది. నువ్వు అంతకాలం కూర్చోకు."

పదేళ్ళుగా అత్తయ్యని, అన్నీ విని ఊరుకునే వాళ్ళలో కలిపేశాను. ఆమె మాత్రం ఎవరూ అడక్కుండానే, ఏ సాకూ కప్పుకోకుండా, తన తప్పు తీసి నా ముందు పెట్టారు. నేను చదివిన ఏ పుస్తకానికీ అంత ధైర్యం లేదు. నేను ముచ్చటపడిన ఆ నేర్పు పిల్ల తెలివి కాదని, భయమని, ఆ భయం ముదిరితే ఏమవుతుందో అది ఆయన రూపంలో రోజూ నా పక్కనే తిరుగుతోందని అప్పటికి గాని నాకు తెలియలేదు.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి చొక్కాలు చూశారు. "పాపా, ఇంతసేపూ ఏం చేసిందో మీ అమ్మని అడుగు."

పాప నావైపు రాబోయింది. అత్తయ్య దాని చెయ్యి పట్టుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు.

"నోరు నీకుంది, చెవులు నీ పెళ్ళానికున్నాయి. మధ్యలో పిల్ల కాళ్ళెందుకురా?"

ఆయన నావైపు చూడలేదు. పాప మాత్రం మా ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది. ఏం చెబితే అంతా బాగుంటుందా అని, చప్పుడు లేకుండా పెదాలు కదుపుతోంది. ఆ పెదాలు చూశాక ఇక ఆలోచించడానికేమీ మిగల్లేదు.

ఇస్త్రీపెట్టె స్విచ్ తీసేశాను.

"ఆదివారం వేరే ఇల్లు చూసుకోవడానికి వెళ్తున్నాను," అన్నాను, సరాసరి ఆయన మొహంలోకి చూస్తూ. "నాకూ, పాపకీ."

"ముగ్గురికి," అన్నారు అత్తయ్య. తర్వాత కొడుకు వైపు తిరిగారు. "మాట్లాడాలనిపించిన రోజున నువ్వే నడిచి రా."