రెండు వేళ్ల ఎడం

బొమ్మలబ్బాయికి నలభై దాటి చాలాకాలమైంది. కణతల దగ్గర నెరుపు కూడా వచ్చింది. అయినా ప్రెస్సులో అందరూ అతన్ని బొమ్మలబ్బాయనే పిలిచేవారు. చూపులేని పిల్లల పాఠ్యపుస్తకాలకు బొమ్మలు గీయడం అతని పని. అతను కంప్యూటర్లో గీసి పంపితే, ప్రెస్సువాళ్లు దాన్ని ఒక రకం కాగితం మీద అచ్చువేసి వేడి యంత్రంలో పెట్టేవారు. నల్లగీత ఉన్నచోటల్లా కాగితం ఉబ్బేది. ఆ ఉబ్బును వేళ్లతో తడుముకుని పిల్లలు ఇది ఏనుగు, ఇది ఆకు అని తెలుసుకునేవారు.

పనంతా ఇంట్లోనే. రెండు గదుల అద్దె వాటా. భార్య వెళ్లిపోయాక రెండో గదిలో లైటు వేయడం మానేశాడు. గొడవపడి విడిపోయినా బాగుండేది, చెప్పుకోవడానికి ఒక కారణమైనా మిగిలేది. వాళ్ల మధ్య మాటలు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చి, గ్యాసు అయిపోయింది, తాళంచెవి నీ దగ్గరుందా అనే దగ్గరికొచ్చి నిలిచాయి. కొన్నాళ్లకు అవీ లేవు. ఇప్పుడు పాలప్యాకెట్ కొనేటప్పుడు కొట్టువాడితో ఒక ముక్క మాట్లాడితే మాట్లాడినట్టు, లేకపోతే లేదు.

అతనికి ఫోన్ చేసే మనిషి ఒక్కరే, వేళ్ల మాస్టారు. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు. లెక్కలు చెప్పి రిటైరయ్యాక ప్రెస్సుకు బొమ్మలు సరిచూసిపెట్టేవారు. ఆయన వేలికి అర్థం కానిదేదీ పుస్తకంలోకి వెళ్లేది కాదు. కొత్తలో బొమ్మలబ్బాయి కొమ్మ మీద ఉడుతను గీసి పంపితే, ఆయన ఫోన్ చేసి నిదానంగా కడిగేశారు.

"తోక ఎక్కడ అయిపోయింది, కొమ్మ ఎక్కడ మొదలైంది నాయనా? నీ కంటికి తెలుస్తుంది. నా వేలు తోక పట్టుకుని పోయి పోయి చెట్టు దిగిపోయింది."

అప్పటినుంచి అతను దేనికది విడి పాత్‌గా, అంటే కంప్యూటర్లో దేనికదే కదిపే వీలున్న గీతగా, గీయడం నేర్చుకున్నాడు. తోక ఒక పాత్, కొమ్మ ఒక పాత్. ఒకదాని మీదుగా ఇంకొకటి పోయేచోట కింది గీతను కత్తిరించి అర వేలు ఎడం వదలాలి. ఆ ఎడం తగలగానే వేలు ఆగుతుంది, ఇక్కడితో ఇది అయిపోయిందని తెలుసుకుంటుంది.

మాస్టారి భార్య పోయిన కొన్ని నెలలకు, ఒకసారి ఇంటికి రమ్మని ఆయన కబురుచేశారు. బొమ్మలబ్బాయి వెళ్లాడు. చిన్న ముందుగది. కుర్చీలన్నీ గోడకు ఆనించి, నడిచే దారి ఖాళీగా ఉంచిన ఇల్లు. గోడ మీద పెళ్లినాటి ఫోటో ఒకటి వేలాడుతోంది. వచ్చినవాళ్లంతా దాని ముందు నిలబడి, ఎంత చక్కగా ఉన్నారండీ ఇద్దరూ, అమ్మగారు నవ్వుతూ ఎంత బాగున్నారో అనేవారట. అన్నేళ్లుగా వినడమే తప్ప అందులో ఏముందో తనకు తెలియదని, దాన్ని గీతల్లో పెట్టి ఇవ్వమని ఆయన అడిగారు. ఎందుకని అతను అడగలేదు.

ఫోన్‌తో తీసుకొచ్చిన ఆ ఫోటోను ఇంట్లో కంప్యూటర్లో అడుగు పొరగా పెట్టి, కదలకుండా తాళం వేశాడు. దాని మీద గీయడం మొదలుపెట్టాడు. మాస్టారి కాలరు, నల్లకళ్లద్దాలు, చేతికర్ర, అన్నీ చకచకా వచ్చేశాయి. ఆవిడ దగ్గరికొచ్చి ఫోటోను పెద్దది చేసినప్పుడు అతని చేయి ఆగింది. ఆవిడ నవ్వడం లేదు. పెదవులు బిగబట్టి ఉన్నాయి. ముఖం పక్కకు తిరిగి ఉంది, చూపు ఫోటో అంచు దాటి ఎటో పోతోంది. ఆవిడ భుజానికీ ఆయన చేతికీ మధ్య వెనకున్న స్టూడియో తెర కనిపిస్తోంది.

దేనికది విడిగా గీసినందువల్ల మార్చడం ఎంతసేపు? ఆవిడ గీతలన్నీ ఒకేసారి పట్టుకుని కీబోర్డు మీద బాణం మీట నొక్కుతూ పోయాడు. ఆవిడ జరిగి జరిగి ఆయన పక్కన ఒదిగింది. పెదవి చివర కాస్త పైకి వంచాడు. అందరూ చెప్పే ఫోటో అదే. దాని వంక చూస్తూ కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. ఆ మనిషి జీవితమంతా వేలిని నమ్ముకుని బతికాడు, ఆ వేలికి అబద్ధం తగిలించడానికి అతనికి మనసొప్పలేదు. ఆవిణ్ణి మళ్లీ ఎక్కడున్న మనిషిని అక్కడికి పంపేశాడు. చూపు ఎటుందో వేలికి తెలియాలని ముక్కును మాత్రం విడి గీతగా, కాస్త మందంగా గీశాడు.

ప్రెస్సులో ఉబ్బించి తెచ్చిన కాగితం చేతికివ్వగానే మాస్టారు తన బూట్ల దగ్గర మొదలుపెట్టారు. అప్పట్లో ఇంత సన్నగా ఉండేవాణ్ణా అని నవ్వుకున్నారు. వేలు పక్కకు జరిగి ఆగింది.

"ఈ ఎడం ఏమిటి?"

"రెండు బొమ్మల మధ్య వదలాలి కదా మాస్టారూ."

"అర వేలు వదలాలి. ఇక్కడ రెండు వేళ్లు పడుతున్నాయి."

"ఫోటోలో అంతే ఉందండీ."

ఆయన వేలు భుజం మీదుగా ముఖానికి చేరింది. ముక్కు వెంట వెళ్లి, కాగితంలో ఏమీలేని చోట ఆగింది.

"అటు చూస్తోంది."

"అవునండీ."

"నవ్వడం లేదు."

"లేదండీ."

మాస్టారు కాగితం ఒళ్లో పెట్టుకున్నారు.

"పెళ్లయిన చాన్నాళ్లకు ఒకసారి తనే చెప్పింది," అన్నారు. "'ఆ ఫోటో తీసేటప్పుడు నేను తలుపు వంక చూస్తున్నాను, లేచి పరిగెడితే ఎంతదూరం పోగలనా అని లెక్కేసుకుంటున్నాను' అంది. ఆటపట్టిస్తోందనుకుని నవ్వేశాను. తనూ నవ్వింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఇన్నేళ్లలో ఆ ఫోటో గురించి నాతో నిజం చెప్పింది తనొక్కతే. నేనే వినిపించుకోలేదు."

ఆ తలుపు కూడా గీసిపెట్టమన్నారు మాస్టారు. తలుపు ఫోటోలో లేదని అతను చెప్పాడు.

"తను చూస్తోందిగా. ఉండే ఉంటుంది."

వారం తిరక్కుండా గీసి తెచ్చాడు. మాస్టారు ఆవిడ ముక్కు దగ్గరనుంచి నేరుగా వెళ్లి తలుపు పట్టుకున్నారు. రెక్క ఓరగా ఉంది.

"తీసే ఉందన్నమాట. అయినా వెళ్లలేదు."

"అది నేను ఊహించి గీసిందండీ. తీసుందో వేసుందో నాకు తెలీదు."

"సరేలే. అలాగే ఉండనీ."

ఆ రోజు ఇంటికెళ్లాక బొమ్మలబ్బాయి తనూ భార్యా కలిసి ఉన్న ఫోటో ఏదైనా ఉందా అని వెతికాడు. ఉన్నవాటన్నిటిలో ఆమె ఒక్కతే ఉంది, తీసింది అతనే కాబట్టి. ఇద్దరూ కలిసి ఉన్నది నీ దగ్గర ఏదైనా ఉందా అని ఆమెకు మెసేజ్ పెట్టాడు. చూస్తాను అని జవాబొచ్చింది. ఫోటో రాలేదు. అతను మళ్లీ అడగలేదు.

తరువాత ప్రెస్సువాళ్లు వాన బొమ్మ అడిగారు. మబ్బు, చినుకులు, ఏరు. మాస్టారు ఫోన్ చేసి, చినుకులు ఏట్లో కలిసిపోయి చేతికి అందడం లేదన్నారు. మారుస్తానన్నాడు. పని మాట అక్కడితో అయిపోయింది. అయినా ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టేయలేదు. అటునుంచి ఫ్యాను చప్పుడు ఇతనికి, ఇటునుంచి వీధి చప్పుడు ఆయనకి వినిపిస్తూ కాసేపు గడిచింది.

"ఉంటాను నాయనా," అన్నారు మాస్టారు.