ఏ గూటి దోమ

చీలమండ దగ్గర చురుక్కుమంది. వంగి చూసేలోగా ఒక దోమ వచ్చి తెల్లబల్ల మీద వాలింది. అరచేత్తో ఒక్కటేశాను. చచ్చింది. అప్పుడు మొదలైంది నాకు దడ.

మా ల్యాబ్‌లో ఆ గది నిండా దోమలే. ఎడమవైపు వల గూట్లో ఉన్నవాటికి మలేరియా రోగి రక్తం పట్టించాం. అవి ఇప్పుడు కుడితే జ్వరం ఎక్కిస్తాయి. కుడి గూట్లోవి వాటి దాయాదులు, మలేరియా మోయని జాతి. రెక్కలూ మచ్చలూ అన్నీ ఒకటే, భూతద్దం పెట్టినా పోల్చలేం. ఇంత బద్ధకంగా సృష్టించినందుకు దేవుణ్ణి రోజూ తిట్టుకునేదాన్ని. ఆవేళ తిట్టడానికి కూడా నోరు పెగల్లేదు.

నాకు మూడో నెల. ల్యాబ్‌లో ఎవరికీ చెప్పలేదు, చెబితే ఈ పనిలోంచి తప్పిస్తారు. ఇప్పుడు మలేరియా వస్తే బిడ్డ దక్కకపోవచ్చు. ఆ సంగతి నాకు తెలిసినంత బాగా ఎవరికి తెలుసు?

సీనియర్ టెక్నీషియన్ జెబక్కను పిలిచాను. చూలై పేటలో పుట్టి పెరిగిన మనిషి, దేనికీ కంగారుపడదు.

"ఈడ కూచో మైత్రీ. కాలొకటి ఉంటే చాలు, యా జాతో మిషన్ చెప్పేస్తాది," అంది.

దోమ కాలు తుంచి, నూరి, అందులోంచి తీసిన డీఎన్‌ఏను పీసీఆర్ మిషన్‌లో పెట్టింది. చివర్లో రెండు గీతలు వస్తే ఎడమ గూటిది, ఒక్కటే వస్తే కుడి గూటిది. ఆ మిషన్ నడిచినంతసేపూ కడుపు మీద చెయ్యి వేసుకోవాలని ఒకటే తపన. అక్క కనిపెడుతుందని చేతులు కోటు జేబుల్లో కుక్కుకున్నాను.

తెర మీద ఒక్కటే గీత వచ్చింది. ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

జెబక్క కూడా నవ్వింది. అంతలోనే ఏదో ఆలోచనలో పడింది.

"కొట్టినప్పుడు చేతికి నెత్తురు అంటిందా మ్మా?"

"లేదక్కా. చెయ్యి శుభ్రంగానే ఉంది."

ఆ మాట అంటూనే నాకు అర్థమైంది. రక్తం తాగిన దోమను కొడితే మరక పడి తీరాలి. దీని పొట్ట ఖాళీ. నన్ను కుట్టింది ఇది కాదు. అది ఇంకా ఆ గదిలోనే ఎక్కడో ఉంది, ఏ గూటిదో ఎవరూ చెప్పలేరు.

"బయపడొద్దు. దా, డాక్టరు కాడికి పోదాం, మాత్ర ఇస్తారు," అంటూ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, ఏ మాత్ర పడితే ఆ మాత్ర నేను వేసుకోకూడదు," అన్నాను. "నాకు మూడో నెల."

 జెబక్క నా చెయ్యి వదిలేసి, ఆ రెండో దోమను వెతకడానికి దోమల గదిలోకి పరుగెత్తింది.