డీజే బాక్సులకు వేసిన చెక్కలు

ఆ రోజు మోతెలోని మా ఇంట్లో నాన్న, అమ్మ, ప్రవళిక అక్క, నేను, అక్కకు పూలు పెట్టడానికి పొద్దున్నే సూర్యాపేట నుంచి వచ్చిన పెళ్లికొడుకు వదిన రమ్య ఉన్నాం. రమ్యకు తెలిసినంత వరకు ఇంతే. వెనక గదిలో, మూసిన తలుపు అవతల, చక్రాల కుర్చీలో నాన్న చెల్లెలు ఉషారాణి అత్త కూడా ఉంది.

ఆ రోజే అక్క ప్రధానం, అంటే నిశ్చితార్థం, చర్చి పక్కన కమ్యూనిటీ హాలులో. అక్కడ మెట్లు ఎక్కువని, అత్తను ఎక్కించడం కష్టమని నాన్న మొదటినుంచీ అంటున్నాడు. మా అందరి జాకెట్లూ అత్తే కుట్టింది. అక్క జాకెట్ చేతులకు పూసలు కుట్టీ కుట్టీ ఆమె వేళ్లు వాచాయి.

ముందు రోజు సాయంత్రం హాలు చూసుకునే స్టీఫెన్ అన్నను అడిగాను. డీజే బాక్సులు ఎక్కించడానికి మెట్ల మీద చెక్కలు పరిచారని, చక్రాల కుర్చీ కూడా ఎక్కుతుందని, ప్రధానం అయ్యేదాకా వాటిని తీయనని అన్నాడు. పరిగెత్తుకొచ్చి నాన్నకు చెప్పాను. చొక్కాకు గుండీ కుట్టించుకోవడానికి అత్త గదికి వెళ్లబోతున్న నాన్న ఆగి, గొంతు తగ్గించి, కోపం కూడా లేకుండా అన్నాడు:

"బాక్సులను సూసి ఇవి ఎవరింటివని ఎవ్వరడగరు బిడ్డా. అత్తను సూస్తే అడుగుతరు. మీ ఇంట్ల ఇంకెవరికన్న గిట్లున్నదా అంటరు."

అంటే ఇన్నేళ్లూ ప్రతి పెళ్లికీ, ప్రతి క్రిస్మస్‌కూ చెప్పిన మెట్లు మెట్లు కావు. అమ్మ వైపు చూశాను. ఇంటికాడ ఒకరుండాలి గదా అంది అమ్మ, గిన్నెలు సర్దుతూ. ఈ ఇంటికి కోడలిగా వచ్చి పడ్డ మాటలన్నీ నాకు చెప్పుకొని ఏడ్చే అమ్మే ఆ మాట అంది.

ఇప్పుడు అక్క జాకెట్ చెయ్యి పట్టుకుని మురిసిపోతూ, ఎక్కడ కుట్టించారని రమ్య అడిగింది. సూర్యాపేటలో ఒక షాపు ఉందని అమ్మ నవ్వుతూ చెప్పింది. అక్క అద్దం ముందు తల దించుకుంది గానీ కాదనలేదు. అమ్మ నవ్వు చూస్తే రోత పుట్టింది. కొత్తవాళ్ల ముందు నేను అసలు నోరు విప్పను. అయినా మాట బయటికి వచ్చేసింది.

"మా ఉషారాణత్త కుట్టింది. ఆమె గూడ ప్రధానానికి వస్తది."

వెళ్లి వెనక గది తలుపు బార్లా తీశాను.

అత్త పాత నైటీలో ఉంది. తల దువ్వుకోలేదు. ఒళ్లో చేట, చేటలో సగం వలిచిన వెల్లుల్లి. రమ్య నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. అత్త నైటీని కాళ్ల మీదికి లాక్కుంది. రమ్యను కాదు, నన్నే చూసింది.

"మీ నాయిన రావద్దన్నడు, నువ్వు వస్తదన్నవ్. వస్తవా అని నన్నెవరన్న అడిగిన్రా?"

కుర్చీ ముందుకు జరుపుకుని, నా ముఖం మీదే తలుపు వేసింది.