గంగమ్మ స్తంభం చెప్పిన అంకె

నేను ఒక ఇనుము మందం చూసే పరికరాన్ని. గుప్పిట్లో పడతాను. కొట్టను, గీయను, చిల్లు పెట్టను. నీటి అడుగున స్తంభానికి ముక్కు ఆనించి సన్నటి శబ్దం పంపుతాను. అది లోపలిదాకా వెళ్లి తిరిగొస్తుంది. దానికి పట్టిన సమయాన్ని బట్టి ఇనుము ఎంత మిగిలిందో చెబుతాను. మొహమాటమన్నది నాకు తెలియదు.

పుణేలో పుట్టాను. మొదటి యజమాని నూనె ట్యాంకుల తనిఖీదారు. పాడైపోతానని నన్ను బీరువాలో దాచి, తాను సుత్తితో కొట్టి చెవితో వినేవాడు. నాలుగేళ్లు కొత్త పెళ్లికూతురిలా తల వంచుకు కూర్చున్నాను. ఆయన రిటైరయ్యాక చింతలరేవు డైవర్ మైలపల్లి పోలారావు చేతికొచ్చాను.

అక్కడి చేపల జెట్టీకి ఇరవై ఇనుప స్తంభాలు. వేట నిషేధం మర్నాటితో ముగుస్తుందనగా పోలారావు పందొమ్మిదింటిని నాతో చూశాడు. అన్నీ పన్నెండు మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉన్నాయి. చివరనున్న ఇరవయ్యోది గంగమ్మ స్తంభం. దానికి ఇనుము తగలకూడదని ఆచారం. ఆ స్తంభమే ఇనుమని చెప్పడానికి నాకు నోరు లేదు. అందుకే సుత్తి గానీ గీకుడు కత్తి గానీ ఏనాడూ దాని దగ్గరకు పోలేదు. వేట మొదలయ్యే రోజు ఆడవాళ్లంతా దాని పైనున్న జెట్టీ అంచు మీదే గుంపుగా నిలబడి దానికి పసుపునీళ్లు పోస్తారు. అందరికన్నా ముందుండేది పోలారావు తల్లి నూకాలమ్మ. అతని మనసు ఊరుకోలేదు.

"అమ్మా, దీని ముక్కు పింగాణీది. గంగమ్మ స్తంభానికి ఆనించనా?" అని అడిగాడు.

ఆవిడ నన్ను తిప్పితిప్పి చూసింది. "గాయం సెయ్యదు కదా?"

"సెయ్యదు."

"అయితే ఎదురుబద్దా, కొబ్బరిపీచూ తీసుకెళ్లు. కత్తి మాత్రం వద్దురా."

స్తంభానికి అతుక్కున్న సముద్రపు చిప్పల్ని వెదురుబద్దతో ఊడదీసి, పీచుతో తోమి, నన్ను ఆనించాడు. నాలుగు అన్నాను. పక్కకు జరిపాడు. మూడున్నర. నాకు ఏడుపొచ్చింది గానీ అంకె మార్చలేను. పైన పసుపుతో నిగనిగలాడే స్తంభాన్ని నీటికింద ఉప్పు ఎన్నాళ్లుగా తింటోందో.

మర్నాడు జెట్టీ ఆ చివరకు ఎవరూ వెళ్లకుండా తాడు కట్టేశారు. పూజ ఇసుకలోనే జరిగింది. పోలారావు అపచారం చేశాడని కొందరు సణిగారు. నూకాలమ్మ బిందె దించింది.

"ముట్టకపోడమే భక్తనుకున్నాం. తల్లికి ఎక్కడ నొప్పో ఇన్నేళ్లలో ఒక్కరం అడగనేదు."

నెలలోపే స్తంభానికి కొత్త తొడుగు పడింది.

ఇప్పుడు నేను ముసలిదాన్నయ్యాను, నా అంకెలు కాస్త మసకబారాయి. అయినా ఏటా తొలి మునక అక్కడే. కొడుకు నీళ్లలోంచి తల ఎత్తగానే నూకాలమ్మ గట్టుమీంచి అడుగుతుంది: "ఏటంతంది తల్లి?"

నా అంకె వినేదాకా అక్కణ్ణుంచి లేవదు.